పిలిస్తే వచ్చినవాడు, పక్కనే నడిచినవాడు

దేవుడు ఎప్పుడూ మనతోనే ఉంటాడన్న మాట చెప్పేవాడికి ఎంత సులువో, కష్టంలో ఉండి వినేవాడికి అంత బోలు. ఐసీయూ బయట బల్ల మీద కూర్చున్న మనిషికి ఎవరైనా భుజం తట్టి ఆ మాట చెబితే తల ఊపుతాడు గానీ అది లోపలికి దిగదు. అదే మనిషి ఎప్పుడో బడిలోనో గుళ్లోనో చర్చిలోనో నేర్చుకున్న నాలుగు ముక్కలు తనలో తాను గొణుక్కుంటే కాస్త నిలదొక్కుకుంటాడు. రెండింటిలోనూ విషయం ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది? కవిత్వం వల్ల అంటే సగం జవాబే అవుతుంది. మిగతా సగం కోసం తెలుగువాళ్లు ఆపదలో బాగా తలుచుకునే రెండు రచనల్ని పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి పోతన భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్రమోక్షం. రెండోది బైబిలు కీర్తనల గ్రంథంలోని 23వ కీర్తన.

వీటికి ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. పోతన 15వ శతాబ్దపు కవి, ఊరు ఇప్పటి జనగామ జిల్లాలోని బమ్మెర. కీర్తన హీబ్రూలో పుట్టింది, దావీదు రాసినట్టు శీర్షిక చెబుతుంది. తెలుగు ఇళ్లకు అది చేరింది 19వ శతాబ్దపు అచ్చు బైబిళ్ల కాలంలో. కాబట్టి ప్రభావాల లెక్క తీయడానికి ఇక్కడ ఏమీ లేదు. కానీ పాఠకులు మాత్రం ఒకే వీధిలో ఉన్నారు. ఒక ఇంట్లో ముసలమ్మ పీడకలలు రాకుండా గజేంద్రమోక్షం చదువుకుంటుంది. ఆ నమ్మకానికి ఆధారం మూలంలోని ఫలశ్రుతిలోనే ఉంది. నాలుగిళ్ల అవతల శవపేటిక పక్కన పాస్టరుగారు 23వ కీర్తన తెరుస్తాడు. ఒకే అవసరానికి రెండు మందులన్నమాట. అవి పనిచేసే తీరు ఒకటేనా అన్నది ప్రశ్న.

గొర్రె, ఏనుగు

రెండింటిలోనూ మాట్లాడేది జంతువే. దేవుణ్ని కాపరి అన్నాక చెప్పేవాడు గొర్రె కాక తప్పదు. కీర్తన మొదటి సగమంతా ఆ గొంతే. గజేంద్రమోక్షంలో గొంతు ఏనుగుది. ఇంకా లోపలికి పోతే రెండు జంతువుల వెనకా రాజులే కనిపిస్తారు. సంప్రదాయం చెప్పే దావీదు బేత్లెహేములో గొర్రెలు కాసి, తర్వాత ఇశ్రాయేలుకు రాజైనవాడు. మడుగులో మొసలికి చిక్కిన ఏనుగు గత జన్మలో ఇంద్రద్యుమ్నుడనే ద్రవిడ రాజు.

అయితే దావీదు కోరి గొర్రె అయ్యాడు. కాపరి పని చేసినవాడు గనక మంద లోపలి నుంచి లోకం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. పచ్చిక, నీళ్లు, కాపరి చేతిలో కర్ర. అంతకు మించి గొర్రె కళ్లకు ఆనేది లేదు. దానికి గర్వం లేదు గనక పోగొట్టుకోవలసిందీ లేదు. తనకు ఏ కొరతా రాదని మొదటి వాక్యంలోనే తేల్చేస్తుంది.

ఇంద్రద్యుమ్నుడికి ఏనుగు రూపం శాపంగా వచ్చింది. శాపమే అయినా కండబలం ఇచ్చిన శాపం. త్రికూట పర్వతం అడవుల్లో మందను వెంటేసుకుని తిరిగే ఆ ఏనుగును పోతన ఎంత వైభవంగా దింపుతాడంటే, దీనికి దేవుడితో పనేమిటని చదివేవాడికే అనిపిస్తుంది. మొసలి కాలు పట్టాక కూడా అది దేవుణ్ని పిలవదు, పోరాడుతుంది. వెయ్యేళ్లు పోరాడిందని పురాణం లెక్క. ఒడ్డున ఆడ ఏనుగులు నిలబడి ఉంటాయి. సాయం చేయలేవు, వదిలి వెళదామంటే కాళ్లాడవు. ఆ చూపుల్ని పోతన ఒక చిన్న పద్యంలో పట్టుకున్నాడు. మనుషులు తోడున్నా ఒంటరితనం పోని స్థితి అది. ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లకు దాని గురించి వేరే చెప్పనక్కరలేదు.

అంటే కీర్తనలో ధైర్యం తొలి వాక్యం. గజేంద్రమోక్షంలో అది అన్ని దారులూ మూసుకుపోయాక దొరికే ఆఖరి మెట్టు. ఒకటి నమ్మకంతో మొదలై ప్రమాదం దగ్గరికి నడుస్తుంది. రెండోది ప్రమాదంలో మొదలై నమ్మకం కోసం వెతుక్కుంటుంది.

దేవుడి చిరునామా

పోతన దేవుడికి ఇల్లుంది, ఇంటికి గుర్తులున్నాయి. వైకుంఠంలో ఓ మూలనున్న మేడ, దాని దాపున మందార వనం, వనంలో అమృత సరస్సు, ఒడ్డున చంద్రకాంతపు రాయి, దాని మీద కలువల పాన్పు, అక్కడ లక్ష్మితో సరసంలో ఉన్న విష్ణువు. ఊరి పొలిమేర నుంచి గది గుమ్మం దాకా ఒక్కో అడుగే దగ్గరికి తీసుకెళతాడు కవి. ఇది వర్ణన కోసం చేసిన వర్ణన కాదు. ఏనుగు బురదనీళ్లలో ఉంది, దేవుడు అంతఃపురంలో ఉన్నాడు. మధ్యలో దూరం ఎంతో మనం కొలుచుకోవాలనే ఆ గుర్తులన్నీ.

తర్వాతి పద్యంలో ఆ దూరాన్ని ఒక్క ఊపులో దాటించేస్తాడు. విష్ణువు భార్యకు చెప్పడు, శంఖచక్రాలు తీసుకోడు, పరివారాన్ని కేకేయడు, గరుడవాహనం సిద్ధం చేయించడు, చెవి మీదికి జారిన జుట్టు సర్దుకోడు, సరసపు తగువులో పట్టుకున్న లక్ష్మి పైటకొంగు సైతం వదలడు. వరసగా ఆరు పనులు చేయలేదని చెప్పి ఏడో పనిని, అంటే పరుగును, మన కళ్ల ముందు పెట్టడం తెలుగు పద్యం సాధించిన గొప్ప విన్యాసాల్లో ఒకటి.

నాకు అంతకన్నా నచ్చేది వెనక వస్తున్న లక్ష్మి నడక. ఎక్కడికని అడుగుదామని నాలుగడుగులు గబగబా వేస్తుంది. అడిగినా పలకడేమోనని ఆగుతుంది. మళ్లీ కదులుతుంది, మళ్లీ తడబడుతుంది. పద్యం శబ్దమే ఆ తడబాటుతో నడుస్తుంది. ఇంటావిడకు కూడా చెప్పకుండా పరుగెత్తిన దేవుడిలో ఆపద విని చెప్పులు మరిచి వీధిలోకి ఉరికే ఇంటిపెద్ద కనిపిస్తాడు. పోతన దేవుడి దగ్గరితనం ఈ హడావుడిలోనే ఉంది.

కీర్తనలో దేవుడికి ఇల్లున్న సంగతి ఆఖరి వాక్యంలో గానీ తెలియదు. అదైనా మనిషి చేరవలసిన చోటుగానే వస్తుంది. అంతవరకు ఆయన దారిలో ఉన్నవాడు. దూరం లేదు కాబట్టి పరుగు లేదు, పరుగు లేదు కాబట్టి నాటకం లేదు. పచ్చిక దగ్గర, నీళ్ల దగ్గర, లోయలో, విందు బల్ల దగ్గర, ఎక్కడ చూసినా అప్పటికే ఉన్నాడు. ఒకచోట దేవుడు పొలిమేరలు దాటి వస్తాడు. ఇంకోచోట మనిషే ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారుతుంటాడు, దేవుడి పక్క మాత్రం మారదు.

చీకటి విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టం. గజేంద్రుడు స్తుతి మొదలుపెట్టినప్పుడు లోకాలన్నీ లయమయ్యాక మిగిలే మహాంధకారానికి అవతల వెలిగేవాడిని తలుచుకుంటాడు. దేవుడు చీకటికి ఆవలి ఒడ్డున ఉన్నాడు. కీర్తనకారుడు చావునీడ కమ్మిన లోయలో నడుస్తూ, ఆ లోయ లోపలే తోడున్నాడంటాడు. చీకటి బయట వెలుగు, చీకటి లోపల తోడు. రెండూ దేవుడి గురించిన నిజాలే కావచ్చు. కానీ భయంలో ఉన్న మనిషికి మొదటిది ఆశ, రెండోది ఆసరా.

'ఆయన' నుంచి 'నువ్వు' దాకా

ఇంత తేడా ఉన్న రెండు రచనలూ ఒక్క మలుపు దగ్గర ఒకటవుతాయి. నా దృష్టిలో వీటి కీలకం అక్కడే ఉంది.

కీర్తన మొదటి మూడు వాక్యాల్లో దేవుడు 'ఆయన'. ఆయన పడుకోబెడతాడు, ఆయన నడిపిస్తాడు, ఆయన ప్రాణానికి సేద తీరుస్తాడు. అంతా ఎవరికో చెబుతున్నట్టే ఉంటుంది. నాలుగో వాక్యంలో లోయ వస్తుంది. వచ్చీరాగానే కాపరి గురించి చెప్పడం మాని కాపరితోనే మాట్లాడటం మొదలుపెడతాడు. భయపడను, ఎందుకంటే నువ్వు పక్కనే ఉన్నావని నేరుగా అనేస్తాడు. హీబ్రూలో శీర్షిక వదిలేసి మాటలు లెక్కపెట్టిన పండితులు ఈ మాట రచనకు నట్టనడుమ పడిందని చూపారు. దేవుడి పేరు మొదటి వాక్యంలోనూ చివరి వాక్యంలోనూ మాత్రమే వస్తుంది, నడుమ పేరుతో పనిలేదు. ఎదురుగా ఉన్నవాణ్ని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు?

గజేంద్రుడి స్తుతిలోనూ జరిగింది ఇదే. మొదట అంతా తత్త్వం. జగత్తు ఎవరి వల్ల పుట్టిందో, ఎవరిలో ఉందో, ఎవరిలో లయిస్తుందో, మొదలూ నడుమా తుదీ ఎవరో, అతణ్ని శరణంటున్నానంటుంది ఏనుగు. పద్యాలు మహోన్నతం. కానీ నీళ్లలో కాలు ఇరుక్కున్న జంతువు నోట ఆ గంభీరత వింటుంటే ఇది ఇంకా పాఠం అప్పజెబుతోందనిపిస్తుంది. నిజానికి అది పాఠమే. గత జన్మలో నేర్చుకున్న స్తుతి ఏనుగుకు గుర్తొచ్చిందని సంస్కృత మూలం చెబుతుంది. ఆ తర్వాతే ప్రసిద్ధమైన సందేహం పుడుతుంది. దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, అలా ఉన్నాడన్నవాడు అసలు ఉన్నాడా లేడా?

దేవుడు అంతటా ఉన్నాడన్న సిద్ధాంతం ఏనుగుకు బాగా తెలుసు. దాని సందేహం పుట్టింది ఆ సిద్ధాంతంలోంచే. అంతటా ఉన్నవాడు ఈ మడుగులో ఎందుకు లేడు? విన్న మాట ఎంత పెద్దదైతే, అది అనుభవంలోకి రానప్పుడు అంత పెద్ద గొయ్యి తవ్వుతుంది. తల ఊపి ఊరుకున్న ఆసుపత్రి మనిషి పరిస్థితి సరిగ్గా ఇదే.

మలుపు ఆ తర్వాత కొంచెం ముందుకెళితే వచ్చే పద్యంలో ఉంది. తెలుగుదేశంలో కాస్త చదువుకున్న ప్రతివాడి నోటా ఆడే పద్యమది. బలం అయిపోయింది, ధైర్యం సడలింది, ప్రాణాలు కదిలిపోతున్నాయి, ఒళ్లు సోలిపోతోంది, నువ్వు తప్ప నాకింకెవరూ తెలియదు, వచ్చి కాపాడు. స్తుతిలోని తత్త్వమంతా జారిపోయి, 'ఎవడో అతడు' కాస్తా 'నువ్వు' అయ్యాడు.

పోతన ఇంకో అడుగు ముందుకేశాడు. విమర్శకులు ఎక్కువగా ఈ పద్యం దగ్గరే ఆగిపోతారు గానీ దాని పక్కనున్న కందాన్నీ చూడాలి. జీవుల మాటలు వింటావట, పోరాని చోట్లకు పోతావట, పిలిస్తే ఓ అంటావట, అన్నీ చూస్తావట, అయినా సందేహంగా ఉందయ్యా అంటుంది ఏనుగు. అంటే శరణన్నాక కూడా సందేహం పోలేదు. మారింది సందేహం వినేవాడు. ఇందాక దేవుడి గురించి తనలో తాను సందేహించింది. ఇప్పుడు ఆ సందేహాన్ని దేవుడికే చెప్పుకుంటోంది, అదీ కరుణాసముద్రుడా అని పిలిచి మరీ. భక్తికీ నాస్తికతకూ మధ్య గీత సందేహం దగ్గర లేదని, దాన్ని ఎవరితో చెప్పుకుంటున్నామన్న దగ్గర ఉందని ఇంత తేటగా చూపిన పద్యం తెలుగులో ఇంకోటి నాకు కనబడలేదు.

సందేహానికి ఎక్కడ చోటు

మరి కీర్తనలో సందేహం లేదా? 23లో లేదు. దాని ముందు పేజీ తిప్పితే ఉంది. 22వ కీర్తన దేవుడు తనను చేయి విడిచాడన్న కేకతో మొదలవుతుంది. మత్తయి, మార్కు సువార్తల ప్రకారం ఏసు సిలువ మీద అరిచిన మాట అదే. శుభ శుక్రవారం నాడు మన చర్చిల్లో ఏడు మాటల మీద ప్రసంగాలు జరిగేటప్పుడు నాలుగో మాటగా వినిపించేదీ అదే. కీర్తనల గ్రంథాన్ని కూర్చినవాళ్లు ఆ కేకనూ ఈ నెమ్మదినీ పక్కపక్కనే ఉంచారు. 23ను విడిగా చింపి గోడకు తగిలించుకున్నప్పుడు మనం పోగొట్టుకునేది ఈ పొరుగునే. లోయ గురించి అంత నింపాదిగా మాట్లాడగలిగిన గొంతు వెనక లోయలో అరిచిన గొంతు ఉంది.

పోతన భాగవతంలో వరస తిరగబడుతుంది. సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు ముందు వస్తాడు. దేవుడు ఇక్కడున్నాడు, అక్కడ లేడన్న అనుమానమే వద్దని తండ్రికి ఎదురుగా నిలబడి చెప్పిన పిల్లవాడు. ఆ వెంటనే అష్టమ స్కంధంలో ఉన్నాడా లేడా అని అడిగే గజేంద్రుడు. ఒకే కవి ఒకే దేవుడి గురించి నిస్సందేహాన్నీ సందేహాన్నీ వరసగా పాడాడు. కీర్తనల గ్రంథం కేక నుంచి నెమ్మదికి వస్తే, భాగవతం నెమ్మది నుంచి కేకకు వెళుతుంది. రెండు సంప్రదాయాలకూ రెండూ కావలసి వచ్చాయన్నది గమనించదగ్గ విషయం. నిత్యసాన్నిధ్యాన్ని కొనియాడే సాహిత్యమేదైనా దాని పక్కన లేడేమోనన్న భయానికి చోటివ్వకపోతే అది ప్రచారమవుతుంది గానీ ప్రార్థన కాదు.

దారి చూపడం

తోడు వేరు, దారి చూపడం వేరు. ఈ రెండో విషయంలో కీర్తనది పైచేయి. కాపరి చేతిలో రెండు కర్రలున్నాయి. ఒకటి క్రూరమృగాన్ని తరమడానికి, రెండోది మంద చెదరకుండా మళ్లించడానికి. రెండూ తనకు ఆదరణే అంటుంది గొర్రె. మళ్లించే కర్ర ఒక్కోసారి ఒంటికి తగులుతుంది కూడా. ఆ తాకిడిని సైతం ఓదార్పు లెక్కలో వేసుకోవడం కాపరి పని ఎరిగిన కవికే చేతనవుతుంది. కొమురవెల్లి మల్లన్నకు బోనం ఎత్తే గొల్లకురుమల ఇళ్లలో ఈ వాక్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఆ కాపరి మంచి దారిలో నడిపించేది తన పేరు కోసమంటాడు కీర్తనకారుడు. మంద తప్పిపోతే పోయేది గొర్రె పరువు కాదు, కాపరి పరువు. గజేంద్రుడి వాదనలోనూ ఈ మెలికే ఉంది. దిక్కులేనివారికి దిక్కని నీకు పేరుంది, ఆ పేరు నిలబెట్టుకో అన్నట్టే దాని మాటలు నడుస్తాయి. రెండు చోట్లా భక్తుడు తన యోగ్యత చూపి అడగడు, దేవుడి పేరుప్రతిష్ఠలు చూపి అడుగుతాడు. భద్రాచలం రామదాసు దాకా మన కీర్తనకారులంతా వాడుకున్న ఎత్తు ఇది.

అయితే గజేంద్రుడికి ముందు నడిచేవాడు ఎవరూ లేరు. దానికున్న దారిదీపం గత జన్మలో నేర్చుకున్న చదువొక్కటే. వెనక్కి వెళ్లి ఆ గత జన్మ చూస్తే పోతన కథలోని అసలు పదును తెలుస్తుంది. ఇంద్రద్యుమ్నుడు చెడ్డవాడు కాడు, విష్ణుభక్తుడు. ధ్యానంలో మునిగి, శిష్యులతో గుమ్మంలోకి వచ్చిన అగస్త్య మహర్షి కోసం లేవలేదు, శాపం అందుకే. దేవుడి సన్నిధిలోనే ఉన్నాననుకున్నవాడు ఎదురుగా వచ్చిన మనిషిని చూడలేదు. దేవుడు తోడున్నాడన్న హాయి మత్తుగా మారితే ఏమవుతుందో ఇంతకన్నా ఘాటుగా చెప్పిన కథ అరుదు. కీర్తనలో ఈ హెచ్చరిక లేదు. అక్కడ గొర్రె ఒక్కటే, కాపరి ఒక్కడే. పక్క గొర్రె ఊసు రాదు. మంద అన్నాక పక్క గొర్రె ఉండి తీరాలి. ఆ కీర్తన ఎంత అందమైనదైనా ఇది దాని ఇరుకు.

శత్రువు ఏమయ్యాడు

గజేంద్రమోక్షంలో సుదర్శనం మొసలి తల తెగ్గొడుతుంది. కథ తేలిపోయింది. శాపం వల్ల మొసలిగా ఉన్న గంధర్వుడు విముక్తుడై తన లోకానికి పోతాడు, ఏనుగు విష్ణుపార్షదుడవుతుంది. ఆ నడుమ పోతన మరో చిన్న పని చేశాడు. హరి ఏనుగును మడుగులోంచి పైకి తీసి మెల్లగా ఒళ్లు నిమురుతాడు. ఆ చేతి స్పర్శకు దాని ఒంటి తాపం తగ్గిపోతుంది, ఆడ ఏనుగులతో కలిసి ఘీంకారాలు చేస్తుంది. చక్రంతో మొసలిని నరకడం దేవుడి పని. ఒళ్లు నిమరడం మాత్రం మావటివాడి పని, తల్లి పని.

కీర్తనలో శత్రువు చావడు. విరోధులు చూస్తుండగానే దేవుడు బల్ల వేసి విందు పెడతాడు, తలకు నూనె అంటుతాడు, గిన్నె పొంగిపొర్లేలా పోస్తాడు. నూనె అంటిన చేయీ ఏనుగును నిమిరిన చేయీ ఒకటే అనిపిస్తుంది. కానీ ఒకచోట చేయి తగిలేనాటికి ఆపద తీరిపోయింది, ఇంకోచోట ఆపద ఎదురుగానే కూర్చుని ఉంది. లోయను తీసేశానని ఎవరూ చెప్పలేదు, దాని గుండా నడిపిస్తానన్నారు అంతే.

చివరకు వెనక వచ్చేదెవరో కూడా చూడాలి. పోతనలో హరి ముందు పరుగెత్తితే ఆయన వెనక లక్ష్మి, లక్ష్మి వెనక అంతఃపుర స్త్రీలు, గరుడుడు, ఆయుధాలు, నారదుడు, వైకుంఠమంతా బారులు తీరి వస్తారు. కీర్తన చివర్లో మంచీ కరుణా బతికినన్నాళ్లూ మనిషి వెనక వస్తాయి. ఒకచోట దేవుడి వెనక ఐశ్వర్యం, ఇంకోచోట మనిషి వెనక దయ. ముందు కాపరి, వెనక దయ, నడుమ మనిషి. రక్షణకు ఇంతకన్నా బిగువైన బొమ్మ గీయడం కష్టం.

అంతటా ఉన్నవాడికి పరుగెందుకు

పోతన మీద పాత ఆక్షేపణ ఒకటుంది. ఆయుధం లేకుండా పరుగెత్తినవాడు వెళ్లి ఏం చేస్తాడని శ్రీనాథుడు ఎగతాళి చేశాడని, పోతన బావిలో రాయి వేయించి శ్రీనాథుడి బిడ్డ పడ్డాడని కేక పెట్టిస్తే ఆయన తాడూ నిచ్చెనా లేకుండానే పరుగెత్తాడని ఓ కథ చెబుతారు. చరిత్ర కాదు గానీ విమర్శగా గట్టి కథే. ప్రేమ సరంజామా చూసుకోదన్న జవాబు అందులో ఉంది.

దానికన్నా లోతైన ఆక్షేపణ పోతన పద్యంలోనే ఉంది. ఏనుగు మొర బ్రహ్మాదులకు కూడా వినబడింది. వాళ్లు కదలలేదు. కారణం కూడా చెబుతాడు కవి. విశ్వమంతా నిండి ఉండే గుణం వాళ్లకు లేదు, అది ఉన్నవాడే వచ్చాడు. విశ్వమంతా నిండి ఉన్నవాడైతే మడుగులోనూ ఉండాలి కదా, మళ్లీ వైకుంఠం నుంచి పరుగెందుకు? తర్కం ప్రకారం ఇది పొసగదు. పోతనకు ఆ సంగతి తెలియక కాదు. అంతటా ఉండటం దేవుడి స్థితి, రావడం దేవుడి పలుకు. పిలుపు విన్నానని చెప్పడానికి రావడం తప్ప వేరే దారి లేదు. ప్రహ్లాదుడి కథలోనూ స్తంభంలో ముందే ఉన్నవాడు స్తంభం చీలితే గానీ కనబడలేదు. కీర్తనకారుడికి ఆ చీలిక అక్కరలేదు, చీకట్లో కాపరి కర్ర తెలిస్తే చాలు. పోతన సంప్రదాయం దేవుణ్ని చూడాలంటుంది, కీర్తన తోడు ఉన్నట్టు తెలిస్తే చాలునంటుంది.

ఒక ఇబ్బంది కూడా దాచకూడదు. అంతా అయ్యాక విష్ణువు లక్ష్మితో మాట్లాడుతూ తనను మరిచినవాళ్లను తానూ మరుస్తానని, మరవక మొరపెట్టినవాళ్లను విడువనని అంటాడు. అంటే పోతన దేవుడి తోడుకు పిలుపు షరతు. కీర్తనలో షరతు లేదు. గొర్రె సాయం కోసం కాపరిని పిలిచిన దాఖలా ఎక్కడా లేదు. పిలవడానికి నోరు లేని వేళ, మతి తప్పిన ముసలితనంలో, స్పృహ లేని రోగిలో, ఈ తేడా చిన్నది కాదు.

ఎవరికి ఏది

కావ్యంగా తూచితే గజేంద్రమోక్షం ముందు కీర్తన నిలవదు. దూరం, సందేహం, పరుగు, స్పర్శ అన్నీ ఉన్న నాటకం అది. ముఖ్యంగా సందేహించే హక్కును భక్తుడికి రాసిచ్చింది. కానీ దాని బలం మొసలి చావడంలో ఉంది. మొసలి చావని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మందులకు లొంగని జబ్బు, తిరిగి రాని బిడ్డ, తీరని అప్పు. అలాంటి చోట చక్రం ఎప్పుడొస్తుందోనని ఎదురుచూసేవాడికి గజేంద్రమోక్షం ఒక్కోసారి కొత్త గాయమవుతుంది. నా మొరలో లోపమేమిటన్న ప్రశ్న మొదలవుతుంది. అక్కడ కీర్తన నిలబడుతుంది. ఆపద తొలగిపోతుందని అది వాగ్దానం చేయలేదు కాబట్టి ఓడిపోదు. కీర్తనది దీర్ఘరోగుల ధైర్యం, గజేంద్రమోక్షానిది అత్యవసరపు కేక.

తెలుగు క్రైస్తవులు ఈ రెండింటినీ కలుపుకున్నారనడానికి ఆనవాళ్లున్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటల నెత్తిన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) లాంటివాళ్లు ఏసును కొలవడానికి ఎంచుకున్నది మన సంకీర్తనల బాణీనే. కాపరి తోడు అచ్చు బైబిలుతో వచ్చింది, నువ్వు తప్ప దిక్కు లేదనే గొంతు ఈ నేల మీద ముందే ఉంది.

మొదటి ప్రశ్నకు వస్తే, ఐసీయూ బయటి మనిషికి దేవుడున్నాడన్న మాట ఎందుకు అందలేదో ఈ రెండు రచనలూ కలిసి చెబుతాయి. ఆ మాట 'ఆయన' గురించి. మూడో మనిషిగా ఉన్నంతసేపు దేవుడి సర్వవ్యాపకత్వం ఒక సమాచారం. ఏనుగుకు అది సందేహాన్నిచ్చింది, గొర్రెకు పచ్చిక దాకా పనికొచ్చింది. లోయలోనూ మడుగులోనూ పనిచేసింది 'నువ్వు' అన్న పిలుపొక్కటే. అందులో నమ్మకం నిండుగా ఉండాలనీ లేదు, గజేంద్రుడి పిలుపులో సందేహం కలిసే ఉంది. అందుకే ఎవరినైనా ఓదార్చబోయేవాడు దేవుడి గురించి చెప్పే నాలుగు మాటలు తగ్గించుకుని, ఎదుటివాడు దేవుణ్ని ఏకవచనంలో పిలిచి, అవసరమైతే నిలదీసి, తన మొర తానే పెట్టుకునేదాకా పక్కన కూర్చోవడం మేలు.